మామయ్య మెస్‌లో నిన్నటి అన్నం: కంప్లైంట్ ఇవ్వనా, కళ్లు మూసుకోనా?

ముందు ఉత్తరం సంగతి. ఇరవయ్యారేళ్ల పర్లాకిమిడి కుర్రాడు, బరంపురంలో సొంత మేనమామ మెస్‌లో వంటా కౌంటరూ రెండూ చూసుకుంటున్నాడు. రాత్రి మిగిలిన అన్నం గుండిగలోనే మూతపెట్టి ఉంచి మర్నాడు ఫ్రైడ్ రైస్ చేసి కాలేజీ పిల్లలకి అమ్ముతున్నారు. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని రాత్రిళ్లు ఫ్రిజ్ ఆపేస్తున్నారు. నూనె నల్లబడినా పారబోయకుండా అందులోనే కొత్తది కలుపుతున్నారు. పోయిన వారం ముగ్గురు కుర్రాళ్లకి వాంతులయ్యాయి. అడిగితే మామయ్య "తిన్నింటి వాసాలు లెక్కపెడతావా" అన్నాడు. నాన్న ఆపరేషన్‌కి లక్షన్నర సర్దింది ఆయనే, ఆ బాకీ ఇంకా తీరలేదు. ఇంట్లో అమ్మ ఏడుపు.

తమ్ముడూ, కంప్లైంటా కళ్లు మూసుకోవడమా అని రెండే దారులున్నట్టు రాశావు. రెండూ ఇవాళ అక్కర్లేదు. రేపు పొద్దున ఆ నిన్నటి అన్నాన్ని నీ చేత్తో బాణలిలో వెయ్యకు, అంతే. గొడవ పెట్టుకోకు, ఉపన్యాసం ఇవ్వకు. "మామయ్యా, ఇది నేను వండను, కొత్తది వండమంటే ఇప్పుడే ఎసరు పెడతా" అను. తిడతాడు, తిట్టనీ. ఈ ఒక్క పనీ చెయ్యకుండా నువ్వు పైకి పంపే ఏ ఫిర్యాదుకీ బలం ఉండదు, ఎందుకంటే రేపు ఎవరైనా వచ్చి అడిగితే ఆ గరిటె నీ చేతిలోనే ఉంటుంది.

మామయ్య మాట ఒకటి రాశావు, "మనం చద్దన్నం తిని పెరగలేదా, ఈ ఒడిశాలో పఖాళ తినని ఇల్లుందా" అని. దీనికి నీ దగ్గర జవాబు లేదని అర్థమైంది, ఉంది. చద్దన్నమైనా, దాని ఒడియా రూపమైన పఖాళైనా నీళ్లలోనో మజ్జిగలోనో పులుస్తుంది, ఆ పులుపు చాలా క్రిములని పెరగనివ్వదు, పైగా అది ఇంట్లో నలుగురికి సరిపడా ఉండే చిన్న గిన్నె. మీ గుండిగ సంగతి వేరు. అంత అన్నం మూతకింద ఉంటే అర్ధరాత్రి దాటినా మధ్యలో వెచ్చగానే ఉంటుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి తాలూకు బీజాలు గింజల్లా నిద్రపోయి ఉంటాయి, అన్నం ఉడికినా అవి చావవు, గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మేలుకుని విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ ఎంత వేయించినా పోదు. "గట్టిగా వేడిచేస్తే అన్నీ చస్తాయి" అనే మామయ్య ధీమా తప్పేది సరిగ్గా ఇక్కడే. వాంతులు మామూలుగా తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపే మొదలవుతాయి. ఆ ముగ్గురూ ఎప్పుడు తిన్నారో, ఎప్పుడు కక్కుకున్నారో కనుక్కో. వాళ్లు బయట పానీపూరీ తిని ఉండొచ్చు, అది నువ్వూ నేనూ తేల్చలేం, కానీ టైము కలిసిందంటే మాత్రం ఇంక నాన్చకు.

ఇప్పుడు మామయ్యతో కూర్చునే సంగతి. జనం ముందు వద్దు, రాత్రి గల్లా లెక్క చూసేటప్పుడు మాట్లాడు. పాపం పుణ్యం అనకు, ఆయన చెవికెక్కదు, డబ్బు లెక్క చెప్పు. రాత్రంతా ఫ్రిజ్ నడిస్తే బిల్లు ఎంత పెరుగుతుందో, హాస్టల్ వాళ్లు ఒక్కరోజు ఆర్డర్ ఆపేస్తే ఎంత పోతుందో పక్కపక్కన రాసి చూపించు. అన్నం తక్కువ వండి అయిపోయాక మళ్లీ ఒక వాయి పెట్టడం, మిగిలింది వెడల్పాటి పళ్లాల్లో పల్చగా పరిచి రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి ఎక్కించడం, ఫ్రిజ్ 5 డిగ్రీలు దాటకుండా చూడటం, వీటికి పెట్టుబడి ఏమీ లేదు. నూనెకైతే 2018 జులై 1 నుంచి రూలే ఉంది, అందులో పోలార్ పదార్థాలు, అంటే మళ్లీ మళ్లీ కాగితే నూనెలో పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదు. కొత్త నూనె కలిపితే పాతది బాగుపడదు, కొత్తదే పాడవుతుంది. వాడేసిన నూనెని బయోడీజిల్‌కి కొనేవాళ్లు కూడా ఉన్నారు, ఆ ముక్క వింటే మామయ్య ముఖం కాస్త వెలుగుతుందేమో!

ఇంకోటి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. మెస్ లైసెన్సు కాగితం గోడమీదే ఉండాలి, 14 అంకెల నంబరు ఉంటుంది. దానికి పెట్టిన దరఖాస్తులో బాధ్యుడిగా ఎవరి పేరు రాశారో చూడు. నీ పేరుంటే మార్చమని రాతపూర్వకంగా అడుగు. 2006 ఆహార భద్రత చట్టం యజమాని దగ్గరే ఆగిపోదు, వండి అమ్మినవాళ్లూ నిల్వచేసినవాళ్లూ అందరూ దాని కిందికొస్తారు. ప్రమాదకరమైన తిండివల్ల ప్రాణం పోతే శిక్ష ఏడేళ్లకి తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు, జరిమానా 10 లక్షలకి తగ్గదు. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు, మామయ్యకి వినిపించడానికి చెబుతున్నా.

మాట్లాడాక ఒక వారం చూడు. ఫ్రిజ్ మళ్లీ ఆపాడా, ఆ అన్నం మళ్లీ బయటికి వచ్చిందా, అప్పుడు కంప్లైంట్ ఇవ్వు. 1800112100 టోల్ ఫ్రీ నంబరుంది, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది, లేదా జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి నేరుగా రాయొచ్చు. ఈలోపే ఇంకెవరికైనా వాంతులైతే వారం దాకా కూడా ఆగకు. ఫిర్యాదు చేసేవాళ్లని కాపాడటానికి 2014లో చేసిన చట్టం ప్రభుత్వోద్యోగుల మీద ఫిర్యాదులకే, ప్రైవేటు మెస్‌లో నిన్ను అది కాపాడదు. కాబట్టి ఫోన్ చేసేముందే ఇంకో పని చూసిపెట్టుకో. వంటా లెక్కా రెండూ వచ్చినవాడివి, శ్రీకాకుళం, విశాఖ వైపు నీకు పని దొరక్కపోదు.

బాకీ సంగతి వేరే కాగితం మీద పెట్టు. లక్షన్నరలో ఎంత తీరింది, నెలకి ఎంత ఇస్తావు, రాసి ఇద్దరూ సంతకాలు చెయ్యండి. ఆయన ఆదుకున్నాడు, నిజమే, దాన్ని రూపాయితో సహా తీర్చు. కానీ మీ నాన్న ఆపరేషన్ అప్పుని ఆ కాలేజీ పిల్లలు తమ కడుపులతో తీర్చనక్కర్లేదు కదా.

అమ్మ గురించి నాకు అనిపించింది చెబుతా. ఆవిడ ఏడుస్తున్నది అన్నం గురించీ కాదు, నీ ఉద్యోగం గురించీ కాదు. అన్నయ్య గుమ్మం మూసుకుపోతే ఇంక పుట్టిల్లు లేనట్టే అని భయం. అందుకే ఆవిణ్ణి తీర్పు చెప్పమనకు, అనుమతి కూడా అడక్కు, పాపం ఏం చెబుతుంది? నువ్వు చెయ్యాల్సింది చేసి, ఆ రాత్రే నువ్వే ఫోన్ చేసి చెప్పు, వేరేవాళ్ల నోటివెంట వినకూడదు. మెస్ మానేసినా సరే, సంక్రాంతికి అమ్మని తీసుకుని మామయ్య ఇంటికి వెళ్లు. రావద్దంటే అప్పుడు మళ్లీ రాయి, చూద్దాం.