సమాధానం: అబ్బాయి రెజ్లింగ్‌కి పోతానంటున్నాడు, ఏం చేయాలి?

అన్నా, మీది చిత్తూరు, ఒకప్పుడు కుస్తీలు పట్టారు. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్న మీ అబ్బాయి చదువు మానేసి జలంధర్‌లో మన రెజ్లర్ గ్రేట్ ఖలీ పెట్టిన రెజ్లింగ్ అకాడమీకి పోతానంటున్నాడు. "కోడీ రోడ్స్ కూడా నాన్న దారిలోనే ఎదిగాడు కదా" అన్నది వాడి మాట. అయితే అమెరికా రెజ్లర్ అయిన ఈ కోడీ కథ మొత్తం వాడితో కూర్చుని మాట్లాడండి.

తండ్రి డస్టీ రోడ్స్ పెద్ద ఛాంపియన్. అయినా కోడీ ముందు స్కూల్లో అసలైన కుస్తీ నేర్చుకుని జార్జియా రాష్ట్ర టైటిల్ గెలిచాడు. 2007లో డబ్ల్యూడబ్ల్యూఈ (అమెరికాలో టీవీ రెజ్లింగ్ షోలు నడిపే కంపెనీ) టీవీలోకి వచ్చాడు. తర్వాత మొహానికి రంగు పూసి స్టార్‌డస్ట్ అనే వేషం వేయించారు. 2016లో తనే బయటికి వచ్చి చిన్న చిన్న వేదికల మీద ఆడాడు. 2022లో డబ్ల్యూడబ్ల్యూఈకి తిరిగొచ్చాడు, అదే ఏడాది ఛాతీ కండరం తెగి సర్జరీ, నెలల తరబడి విశ్రాంతి. అప్పటి ఛాంపియన్ రోమన్ రైన్స్‌ని ఓడించి పెద్ద టైటిల్ అందుకున్నది 2024 ఏప్రిల్‌లో. అంటే 17 ఏళ్లు! తండ్రి పేరు తలుపు తీసిందంతే.

వాడికి వద్దని మాత్రం చెప్పకండి, ప్లీజ్. పరీక్షలు రాయించండి. ఈలోపు తిరుపతి శ్రీనివాస క్రీడా సముదాయానికి తీసుకెళ్లి కుస్తీ కోచ్ ఎక్కడ దొరుకుతారో అడగండి. మొదటి పట్లు మీరే నేర్పండి. టీవీలో చూసిన దూకుళ్లు మ్యాట్ లేకుండా, కోచ్ లేకుండా ఇంట్లో అస్సలు చేయనివ్వకండి, మెడకు దెబ్బ తగిలితే కోలుకోవడం కష్టం.