భర్త సంతకం భయంతో మెడికల్ షాపు మాత్రలు వేసుకోనివ్వకండి

మీ ప్రశ్న ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో మీ ఇంట్లో పనిచేసే ఆవిడకు ఇద్దరు పిల్లలు. మళ్ళీ నెల తప్పింది, ఉంచుకునే ఉద్దేశం లేదు. మొగుడికి తెలిస్తే గొడవ. ఆస్పత్రికెళ్తే ఆయన సంతకం అడుగుతారని భయపడి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుంటానంటోంది. మీరేం చెయ్యాలి?

ఆవిడతో ఈరోజే ఒక మాట చెప్పండి. పద్దెనిమిదేళ్ళు నిండి, తన మంచిచెడ్డలు తాను చెప్పుకోగల ఆడమనిషికి గర్భం తీయించుకోవడానికి ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్తదీ అక్కర్లేదు, అత్తదీ అక్కర్లేదు. గర్భం తీయించుకోవడానికి సంబంధించిన 1971 నాటి ఎంటీపీ చట్టంలోనే ఆ మాట ఉంది. 2021 సవరణ తర్వాత ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. వాడిన గర్భనిరోధక సాధనం ఫెయిలవడం కూడా చట్టం ఒప్పుకునే కారణమే, పెళ్ళికాని అమ్మాయిలకైనా సరే. ఆమె పేరు, వివరాలు బయటపెట్టడం నేరం.

నేను మత్స్యకారులుండే పెద జాలరిపేట వైపు మహిళా సంఘాలతో చాలాకాలంగా పనిచేస్తున్నాను. ఈ సంగతి తెలిసిన ఆడవాళ్ళు కూడా ఆస్పత్రి గేటు దగ్గర ఆగిపోతారు. ఆపేది చట్టం కాదు, కౌంటర్ దగ్గర వినిపించే గొంతు. హార్బర్‌లో చేపలమ్ముకునే ఒకావిడతో నేనొకసారి వెళ్ళాను. చీటీ రాసే ఆమె లైనంతా వినపడేలా "ఎన్నో కడుపు? మీ ఆయన రాలేదా?" అని అడిగింది. వెనకున్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఈవిడ ఓపీ చీటీ మడిచి కొంగున ముడేసుకుని గేటు వైపు నడిచింది. వెనకే వెళ్ళి పట్టుకుని, లోపల సిస్టర్ దగ్గర కూర్చోబెట్టి, "ఫారం సి మీద ఈవిడ సంతకం చాలు కదా మేడమ్" అన్నాను. అంతే, దారి వచ్చింది. డాక్టరమ్మ తలుపేసి, తొందరపెట్టకుండా మాట్లాడింది. అందుకే మీరు అడ్రస్ చెప్పి పంపేయకండి, కూడా వెళ్ళండి. ఫారం సి అంటే గర్భం తీయడానికి ఆమె ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితం. ఆ పేరు గుర్తుపెట్టుకుని, గొంతు పెంచకుండా అడగండి.

మాత్రల సంగతికొస్తే, మందు చెడ్డది కాదు. డాక్టర్లు ఇచ్చేదీ అదే, తొమ్మిది వారాల లోపు. కానీ గర్భం గర్భసంచిలో కాకుండా పక్కనుండే ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు సరికదా, ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. రక్తం మరీ తక్కువగా ఉన్నవాళ్ళకు, పాత కాపర్-టీ లోపలే ఉన్నవాళ్ళకు కూడా ప్రమాదం. షాపువాడు ఇవేవీ అడగడు.

వారాలు లెక్కపెట్టేది భర్తతో కలిసిన రోజు నుంచి కాదు, చివరిసారి బహిష్టు మొదలైన రోజు నుంచి. తేదీ అడిగితే మా వాళ్ళు చాలామంది చెప్పలేరు. "సంక్రాంతి వెళ్ళిన వారం", "వేట ఆపిన నాలుగు రోజులకి" అంటారు. అది చాలు. సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది కాబట్టి కేలండర్ ముందేసుకుని ఇద్దరూ కూర్చుంటే తేదీ దొరుకుతుంది. ఆ కాగితం వెంట తీసుకెళ్ళండి.

టెస్టు కిట్ ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది. కానీ ఆశా సాధారణంగా అదే వీధి మనిషి, ఒక్కోసారి చుట్టం కూడా. ఆమె ఎంత మంచిదైనా ఈవిడకు టెన్షన్ ఉంటుంది. అలాంటప్పుడు మీరే షాపులో కిట్ కొనిపెట్టండి. తర్వాత ఆడవాళ్ళ ప్రభుత్వాస్పత్రి అయిన ఘోషాస్పత్రికో, కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆస్పత్రి) గైనిక్ ఓపీకి తీసుకెళ్ళండి. పాడేరు, అరకు వైపు నుంచి పనికోసం వచ్చిన గిరిజన అమ్మాయిలైతే కేజీహెచ్‌లో ఎస్టీ సెల్ ఉంది, ముందు అక్కడ అడగాలి.

పని అయ్యాక "ఇక ఆపరేషన్ చేయించేసుకో" అని ఎవరో ఒకరు అంటారు. పేదింటి ఆడదాన్ని చూడగానే ఆ మాట నోట్లోంచి రావడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే గర్భం తీస్తామనే హక్కు ఎవరికీ లేదు. మగవాళ్ళకు చేసే కోత లేని ఆపరేషన్ ఇంకా తేలిక, దాని ఊసే ఎత్తరు. ఆవిడకు దారులన్నీ చెప్పండి, ఎంచుకునేది ఆవిడ. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇచ్చే గర్భనిరోధకాల్లో అంతర ఇంజెక్షన్ మూడు నెలలకొకటి. ఛాయ మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికొకటి. కాపర్-టీ 380ఏ పదేళ్ళు పనిచేస్తుంది. మా పేటలో వేట నిషేధం దగ్గరపడుతోందంటే, మగాళ్ళు ఇంటిపట్టున ఉంటారు కాబట్టి, అంతర గురించి అడిగేవాళ్ళు ఎక్కువవుతారు. ఇంట్లో మాత్రల అట్ట కనపడదు, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. అయితే అంతర వేయించుకున్నాక బహిష్టు గాడి తప్పుతుంది, కొందరికి మధ్యమధ్యలో మరకలు కనిపిస్తాయి, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. ఈ ముక్క ముందే చెప్పకపోతే "చెడ్డ రక్తం లోపలే ఉండిపోయింది" అని బెదిరి రెండో డోసుకు రారు. అలా మానేసి మళ్ళీ నెల తప్పినవాళ్ళను చూశాను.

ఇవి కాక మీ చేతుల్లో ఉన్నదొకటుంది. ఓపీకి వెళ్ళే రోజులకీ, ఆ తర్వాత విశ్రాంతికీ జీతం కోయకండి. ఆవిడ పనిచేసే మిగతా ఇళ్ళవాళ్ళకు జ్వరమని చెప్పి ఊరుకోండి.

మీరు ఇది చదివేసరికి ఆవిడ మాత్రలు వేసేసుకుని ఉంటే తిట్టకండి. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతున్నా, పొత్తికడుపులో ఒకపక్క పొడుస్తున్నట్టు నొప్పి ఉన్నా, కళ్ళు తిరిగినా, జ్వరం వచ్చినా, తెల్లబట్ట దుర్వాసన కొట్టినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకుందో డాక్టరుకు దాచకుండా చెప్పమనండి, అట్ట ఉంటే తీసుకెళ్ళండి. రక్తస్రావం తగ్గిపోయినా సరే, రెండు వారాల్లోపు ఒకసారి చూపించాలి. లోపల ముక్కలు మిగిలిపోతే అప్పుడే తెలుస్తుంది.