ఏడాదిన్నరగా విడివిడిగా ఉంటున్నాం, విడాకులు ఎన్నాళ్లలో వస్తాయి?

మీ ప్రశ్నలో రెండున్నాయి: ఇద్దరూ ఒప్పుకుంటే ఎంత కాలం, ఒకరు అడ్డం తిరిగితే ఎంత కాలం. హిందూ వివాహ చట్టం ప్రకారం చెప్తున్నాను. ఇద్దరికీ సమ్మతమై, ఇచ్చిపుచ్చుకోవడాలు తేలిపోయి ఉంటే రెండు మూడు నెలల నుంచి ఎనిమిది తొమ్మిది నెలలు. ఒకరు కాదంటే మూడు నుంచి ఐదేళ్లకు సిద్ధపడే దిగండి. అది కింది కోర్టు వరకే.

ముందు సమ్మతి సంగతి. 13బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేస్తారు. వేసే నాటికి కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. విడిగా అంటే వేర్వేరు ఇళ్లే అక్కర్లేదు, ఒకే కప్పు కింద ఉన్నా కాపురం లేకపోతే చాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అయితే విడిపోయిన తేదీ పిటిషన్‌లోనూ అఫిడవిట్‌లోనూ ఒకటే ఉండాలి. ఒకచోట మే, ఇంకోచోట ఆగస్టు అని పడితే జడ్జిగారు అక్కడే ఆగి ప్రశ్నలు మొదలుపెడతారు, వాయిదా పడుతుంది. పెళ్లి కార్డు, ఇద్దరూ కనిపించే పెళ్లి ఫొటో, ఇద్దరి ఆధార్, ఉంటే పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జతచేస్తారు. పెళ్లి జరిగిన ఊరు, ఆఖరుసారి కలిసి కాపురమున్న ఊరు, వీటిలో ఎక్కడి ఫ్యామిలీ కోర్టులోనైనా వేయొచ్చు.

మొదటి విడతలో ఇద్దరి వాంగ్మూలాలు రాసుకుంటారు. ఆ తర్వాత ఆరు నెలల గడువు. పిటిషన్ వేసిన నాటి నుంచి ఆరు నెలలు దాటాక, 18 నెలలు దాటకముందు ఇద్దరూ మళ్లీ వచ్చి మా మాట మారలేదని చెప్పాలి, ఇది రెండో విడత. ఈ ఆరు నెలలు తప్పనిసరి కాదని, తగిన కేసుల్లో మినహాయించొచ్చని 2017 సెప్టెంబరులో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దానికి పిటిషన్ వేసే నాటికే ఏడాదిన్నర విడిగా గడిచి ఉండాలి, రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉండాలి. మొదటి విడత అయిన వారానికి మినహాయింపు అర్జీ పెట్టుకోవచ్చు. మీకు ఏడాదిన్నర నిండింది కాబట్టి అడగండి. కానీ అది హక్కు కాదు, జడ్జిగారి విచక్షణ. డబ్బు సగమే తేలిందని కాగితాల్లో కనిపిస్తే చాలాసార్లు అక్కడే కొట్టేస్తారు.

అసలు కాలం తినేది ఆ ఆరు నెలలు కాదు, ఒప్పందం. "ముందు కేసు వేద్దాం, డబ్బు తర్వాత మాట్లాడుకుందాం" అన్నవాళ్లే రెండో విడతలో ఇరుక్కుంటారు. ఎందుకంటే డిక్రీ (విడాకులు మంజూరు చేస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వు) వచ్చేలోపు ఎవరైనా ఒక్కరు సమ్మతి వెనక్కి తీసుకుంటే 13బి పిటిషన్ నిలవదు. అందుకే మొత్తం ఒకేసారి చేతులు మారనివ్వకండి. కొంత మొదటి విడతలో, మిగతాది రెండో విడత రోజున కోర్టులోనే డీడీగా ఇచ్చేటట్టు రాసుకోవడం మంచిది. డీడీ నంబరు, తేదీ, బ్యాంకు పేరు వాంగ్మూలంలో ఎక్కాలి. నగల విషయంలో "బంగారం వాపసు ఇచ్చారు" అని ఒక్క ముక్క సరిపోదు. వస్తువు పేరు, బరువు రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఉమ్మడి హోం లోన్ ఉంటే ఇంకా జాగ్రత్త, మీలో మీరు ఏం రాసుకున్నా బ్యాంకు ఒప్పుకోనిదే మీ పేరు తీయదు. పిల్లలుంటే ఎవరి దగ్గర, ఏ రోజుల్లో చూడాలి, పాస్‌పోర్టుకు ఎవరు సంతకం పెట్టాలి అన్నవి కూడా రాయించండి. తల్లి తన భరణం వదులుకోవచ్చేమో గానీ, బిడ్డ భరణాన్ని వదులుకున్నానని రాసిచ్చినా అది బిడ్డను కట్టిపడేయదు.

498ఏ (అత్తింటి వేధింపుల సెక్షన్, 2024 జులై నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌లో 85) లాంటి క్రిమినల్ కేసు నడుస్తుంటే విడాకులతో అది దానంతటది పోదు. మామూలుగా దాన్ని కొట్టేయమని హైకోర్టుకు వేరే పిటిషన్ వేస్తారు, ఆ కాలం అదనం. ఎవరు ఎప్పుడు ఏ కేసు వెనక్కి తీసుకోవాలో తేదీల వారీగా ఒప్పందంలో ఉండకపోతే, డబ్బు అందాక ఒకరు, కేసు పోయాక ఇంకొకరు ముఖం చాటేస్తారు.

ఇక అవతలివాళ్లు కాదంటే. పెళ్లయిన ఏడాదిలోపు మామూలుగా పిటిషనే వేయలేరు. క్రూరత్వం కారణమైతే ఆ తర్వాత ఎప్పుడైనా వేయొచ్చు, వదిలేసి వెళ్లిపోవడం కారణమైతే రెండేళ్లు నిండాలి. మీకు ఏడాదిన్నరే కాబట్టి ఈ రెండో కారణం ఇప్పుడే పనికిరాదు. నోటీసు అందిన ఆరు నెలల్లో విచారణ ముగించేందుకు ప్రయత్నించాలని చట్టంలోని 21బి అంటుంది. కాగితం మీద మాట అది.

నిజానికి మొదటి గండం నోటీసే. "తాళం వేసి ఉంది" అని కవరు తిరిగొస్తుంది, మళ్లీ బాటా (నోటీసు పంపే ఖర్చు) కట్టాలి, చివరికి పేపర్లో ప్రకటన వేయించాలి. కాబట్టి ప్రస్తుత చిరునామా, ఆఫీసు చిరునామా రెండూ మొదటే ఇవ్వండి. తర్వాత కౌన్సెలింగ్, కౌంటరు (అవతలివాళ్ల రాతపూర్వక జవాబు), మధ్యంతర భరణం అర్జీ (దీన్ని 60 రోజుల్లో తేల్చాలని చట్టం, తేలదు), ఇద్దరి ఆస్తిపాస్తుల అఫిడవిట్లు, సాక్ష్యం, క్రాస్ (అవతలి లాయరు సాక్షిని ప్రశ్నించడం), వాదనలు. మధ్యలో కేసు తన ఊరికి మార్చమని ఎవరైనా పైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంటే, అన్నాళ్లూ ఇక్కడ అడుగు పడదు. ఎక్స్‌పార్టీ డిక్రీ (అవతలివాళ్లు రాకుండానే ఇచ్చేది) వచ్చిందని సంబరపడొద్దు, నోటీసు సరిగ్గా అందలేదని చూపిస్తే రద్దయి మళ్లీ మొదటికొస్తుంది.

పోరాడుతున్న కేసునే మధ్యలో 13బి కిందకు మార్చుకోవచ్చు. రెండు మూడేళ్లు నలిగాక చాలామంది అక్కడికే వస్తారు. అప్పటికి విడిగా ఉన్న కాలం ఎలాగూ నిండి ఉంటుంది కాబట్టి మినహాయింపు తేలిక.

"బంధం పూర్తిగా చెడిపోయింది" అన్న కారణంతో విడాకులిచ్చే అధికారం ఫ్యామిలీ కోర్టుకు లేదు. రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద అది సుప్రీంకోర్టుదే అని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. నేరుగా అక్కడికి వెళ్లి అడగడం కుదరదని కూడా అదే తీర్పులో ఉంది.

డిక్రీ వచ్చాక మళ్లీ పెళ్లి ఎప్పుడంటే, సమ్మతి డిక్రీ మీద మామూలుగా అప్పీలు ఉండదు. పోరాడి తెచ్చుకున్నదైతే 90 రోజులు ఆగి, అప్పీలు వేయలేదని తెలుసుకున్నాకే ముహూర్తం పెట్టుకోండి. సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు చేయండి, కనీసం రెండు తీసుకోండి. చేతికి రాగానే ఇద్దరి పేర్ల స్పెల్లింగ్, పెళ్లి తేదీ పాస్‌పోర్టుతో పోల్చి చూడండి. అక్షరం తేడా ఉంటే సవరణకు మళ్లీ అర్జీ, మళ్లీ వాయిదా.