టాటూలో పులి కళ్లు ఆర్పడం ఎలా సాధ్యం?

చేతి మీది పులి టాటూను ఫోన్ కెమెరాలో చూస్తే కళ్లు ఆర్పుతుంది, తల తిప్పుతుంది. చర్మం మీద నిజంగా ఏదీ కదలదు. సిరా పైపొర కింద ఉండే డెర్మిస్ అనే చర్మపు పొరలో స్థిరంగానే ఉంటుంది, కదలికంతా తెర మీదే.

ముందుగా టాటూను ఫొటో తీసి, దాని మీదే యానిమేషన్ తయారుచేస్తారు. ఆగ్మెంటెడ్ రియాలిటీ (కెమెరాలో కనిపించే దృశ్యం మీద కంప్యూటర్ బొమ్మలను కలిపి చూపే పద్ధతి) యాప్ టాటూ బొమ్మలోని అంచులు, మూలలు, చుక్కల వంటి గుర్తులను పట్టుకుని, ప్రతి ఫ్రేములోనూ ఆ యానిమేషన్‌ను సరిగ్గా వాటి మీద పరుస్తుంది.

అసలు చిక్కు ఫొటోలా కనిపించే రియలిస్టిక్ టాటూలతోనే. వాటిలో గట్టి గీతలు తక్కువ, మెత్తటి షేడింగ్ ఎక్కువ. కాబట్టి యాప్‌కు పట్టు దొరకదు. పైగా కండ బిగిస్తే బొమ్మ సాగుతుంది, మణికట్టు తిప్పితే సగం కనిపించదు. వీపు, ఛాతీ లాంటి వెడల్పాటి చోట్లయితే కొంత నయం. కొత్త టాటూ మెరుస్తుంది కాబట్టి పూర్తిగా మానాకే ఫొటో తీయాలి.

ఇంకో దారి ప్రొజెక్షన్ మ్యాపింగ్. 2015లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఆస్కర్ అండ్ గాస్పర్ బృందం మనుషుల ఒంటి మీది టాటూలపై నేరుగా వెలుగుతో యానిమేషన్ వేసి చూపించింది. చూడ్డానికి అద్భుతమే, కానీ చీకటి గది కావాలి, మనిషి కదలకుండా ఉండాలి.

యాప్ మూతపడితే యానిమేషన్ పోతుంది, టాటూ మిగులుతుంది. అందుకే కదలకపోయినా నచ్చే బొమ్మే ఎంచుకోండి.