కోచ్ చూస్తే చేతుల్లో వణుకు... ముందు ఆ మాత్ర ఆపండి

ప్రశ్న: నా వయసు 17. విజయవాడలో ఆర్చరీ నేర్చుకుంటున్నాను. ఒక్కదాన్నే ప్రాక్టీస్ చేస్తే బాణాలన్నీ పసుపు వలయంలోనే దిగుతాయి. కోచ్ సార్ వెనకొచ్చి నిలబడితే చాలు, చేతులు వణుకుతాయి. అలసిపోయినట్టు కనిపిస్తున్నానా, నేను పనికిరానని అనుకుంటున్నారా అని ఒకటే టెన్షన్. ఓ సీనియర్ అక్క ఇచ్చిన ప్రొప్రనలాల్ మాత్ర పోటీల ముందు వేసుకుంటున్నాను. చిన్నప్పుడు పిల్లికూతలు ఉండేవి. కోచ్‌ని మార్చుకోవాలా?

జవాబు: కోచ్ సంగతి తర్వాత చూద్దాం. నన్ను కంగారు పెట్టింది ఆ మాత్ర. అది గుండె వేగాన్ని, వణుకును తగ్గించే మాట నిజమే. కానీ ఉబ్బసం తత్వం ఉన్నవారిలో గాలి గొట్టాలు బిగుసుకుపోవచ్చు. ఒక్క మాత్రకే ఆయాసం ముంచుకురావచ్చు. అప్పుడు ఇన్‌హేలర్ కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చు. పిల్లికూతల సంగతి తెలిసి ఏ డాక్టరూ మీకిది రాయరు. ఆ అక్క డాక్టర్ కాదు కదమ్మా! పైగా ఈ మాత్ర బీటా బ్లాకర్ల రకానికి చెందింది. ఆర్చరీలో వాటిపై ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధం ఉంది. పోటీల్లోనే కాదు, మామూలు రోజుల్లో పరీక్ష చేసినా దొరికిపోతారు. తెలియక వేసుకున్నానంటే కుదరదు. అప్పుడప్పుడే వేసుకుంటుంటే వెంటనే ఆపేయండి. రోజూ వాడుతుంటే మాత్రం డాక్టర్‌ని అడిగే ఆపండి.

కోచ్ ఎదుట మాత్రమే వణుకు వస్తోంది కాబట్టి ఇది చాలావరకు ఆందోళనే అయ్యుండొచ్చు. చూడకుండా తేల్చలేను. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు ఒకసారి చేయించండి.

ఎదుటివారికి ఎలా కనిపిస్తున్నామోనన్న బెంగ ఆటగాళ్లలో మామూలే. కోచ్ మీద నమ్మకం, చనువు ఉన్నచోట అది తగ్గుతుంది. ఆయన మనసులో ఏముందో మీరే ఊహించుకుంటున్నట్టున్నారు. ప్రాక్టీస్ అయ్యాక, విల్లు పక్కనపెట్టి, ‘సార్, మీరు వెనక నిలబడితే నాకు వణుకొస్తోంది. అప్పుడు నాలో ఏం గమనిస్తున్నారు?’ అని అడిగేయండి. బహుశా మీ భుజాన్నో, బాణం వదిలే తీరునో చూస్తుండవచ్చు. కొన్నాళ్లు పక్కగా నిలబడమని కూడా అడగవచ్చు. ఒకవేళ ఆయన అందరిలో అవమానించడం, శరీరం గురించి కామెంట్ చేయడం, ఇబ్బందిగా తాకడం లాంటివి ఉంటే అది మీ టెన్షన్ సమస్య కానే కాదు. ఆ రోజే అమ్మానాన్నలకు చెప్పండి. మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

వచ్చే పోటీలోపే ఊపిరితిత్తుల డాక్టర్‌ని కలవండి. వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్ తీసుకెళ్లి చూపించండి.