నాడీ వ్యవస్థను తెలుసుకోవాలంటే ముందు పాదం చూడండి

ప్రశ్న: నాడీ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో మామూలు మనిషికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్తారా? దెబ్బతిన్న నరాలు మళ్ళీ బాగవుతాయా?

ఈ ప్రశ్నకి అందరూ మెదడుతో మొదలుపెడతారు. పెద్ద మెదడు, చిన్న మెదడు, దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు అంటూ. నేను పాదంతో మొదలుపెడతాను. మా అమ్మకి షుగర్ వచ్చాక నరాల గురించి నేను తెలుసుకున్నదంతా అక్కడి నుంచే.

మాది చంద్రగిరి దగ్గర ఊరు. తమ్ముడికి ఉద్యోగం వస్తే అలిపిరి నుంచి మెట్ల పూజ చేసుకుంటూ కొండెక్కుతానని అమ్మ మొక్కుకుంది. 3,550 మెట్లు. ప్రతి మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, లేచి ఇంకో మెట్టు ఎక్కాలి. పాదాల మండపంలో స్వామి పాదుకలు తల మీద పెట్టుకుని ప్రదక్షిణ చేసి, చీకటితోనే బయల్దేరాం. చెప్పులు వేసుకోమని బతిమాలినా అమ్మ ఒప్పుకోలేదు.

గాలిగోపురం ఇంకా కాస్త దూరం ఉందనగా, వెనక వస్తున్న మా చిన్నోడు అడిగాడు: "అవ్వా, నువ్వు బొట్టు పెట్టని చోట కూడా ఎర్రగా ఉందే?"

తిరిగి చూశాం. మెట్టు అంచున వేలితో పెట్టిన బొట్టు ఉంది. మెట్టు మధ్యలో ఇంకో మరక, తడిగా. దాని కింది మెట్టు మీదా ఉంది, ఆ కింది దాని మీదా ఉంది. అమ్మని కూర్చోబెట్టి పాదం ఎత్తి చూస్తే బొటనవేలి కింద కండలో గాజుపెంకు దిగి ఉంది. అమ్మ మాత్రం నింపాదిగా, "నాకేం నొప్పిగా లేదు మే, కుంకుమ తొక్కింటానేమో చూడు" అంది. తువ్వాలు కట్టాక కూడా, మొక్కు సగంలో ఆపకూడదు, లేవనీయండి అంటూనే ఉంది. తమ్ముడూ, దారిలో కలిసిన ఇద్దరు తమిళ భక్తులూ కలిసి ఆమెను కిందికి మోసుకొచ్చారు. మొండితనంతో అన్న మాట కాదది. గాజు దిగిన సంగతి ఆమెకి నిజంగానే తెలియలేదు.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఏం జరిగేదో చూడండి. గాజు గుచ్చుకోగానే పాదంలోని నరాల కొసలు లేస్తాయి. ఆ నాడీకణాల పొరలో సన్నటి దారులు తెరుచుకుని సోడియం లోపలికి వస్తుంది, ఆ వెంటనే పొటాషియం బయటికి పోతుంది. ఈ మార్పే విద్యుత్ అలగా కాలి పొడవునా పైకి పాకుతుంది. నడుము దగ్గర వెన్నుపాముకి చేరగానే అక్కడే ఉత్తర్వు వెళ్ళిపోతుంది: ఈ కాలు ఎత్తు, రెండో కాలు బిగించి బరువు మొయ్యి. మెదడుకి సంగతి తర్వాత తెలుస్తుంది. కాలి వేలు గడపకి తగిలినప్పుడు గమనించండి. తగిలినట్టు ముందే తెలుస్తుంది, అసలు సలుపు ఒక క్షణం ఆగి వస్తుంది. స్పర్శని మోసే మందపాటి నరాల్లో కబురు సెకనుకు 50 మీటర్లు దాటి పరుగెడుతుంది. సలుపుని మోసే సన్న నరాల్లో అది సెకనుకు మీటరు అటూ ఇటుగానే నడుస్తుంది. నరంలో కబురు ఎంత వేగంగా పోతుందో కొలవడం కుదరదని ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అనుకున్నారు. 1850లో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కప్ప కాలి నరం మీద కొలిచి చూపించాడు.

అమ్మకి ఈ దారి మొదట్లోనే తెగిపోయింది. పాదంలో స్పర్శ తెలిపే నాడీకణం అసలు ఒళ్ళు నడుము దగ్గర వెన్ను పక్కన ఉంటుంది. కంటికి ఆనని ఆ కణానికి బొటనవేలి దాకా మీటరు పొడవు తీగ. అంత దూరం తిండీ సరుకూ మోసుకెళ్ళాలి. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే కణమూ దెబ్బతింటుంది, దానికి రక్తం అందించే సన్న నాళాలూ దెబ్బతింటాయి. అన్నిటికంటే పొడవైన నరాలే ముందు పోతాయి కాబట్టి తిమ్మిరి వేళ్ళ నుంచి మొదలై పైకి పాకుతుంది. చెమట పట్టించే నరాలు కూడా పోవడంతో చర్మం ఎండి మడమలు పగులుతాయి. మా వైపు ఎండలకి పగిలాయిలే అనుకుని అందరూ వదిలేస్తారు.

నాకు కడుపు మండే సంగతి ఒకటుంది. అంతకు ముందు రెండు మూడేళ్ళు అమ్మ రాత్రిళ్ళు నిద్రపోయేది కాదు. కాళ్ళకి మిరప్పొడి పూసినట్టు మంట అనేది. తర్వాత ఆ మంట దానంతట అదే తగ్గింది. ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారు "మంచిదే కదమ్మా" అని అవే మాత్రలు మళ్ళీ రాసిచ్చారు. కాళ్ళు చూపించమని ఒక్కసారీ అడగలేదు. మంట పుడుతోందంటే నరం దెబ్బతిన్నా ఇంకా బతికుందని. మందు మారకుండా, షుగర్ దిగకుండా మంట పోయిందంటే నరమే పోయి ఉండొచ్చు. ఆ రోజే పాదాలు పరీక్షించాలి. నన్నడిగితే షుగర్ రోగి పాదం చూడకుండా మందుల చీటీ రాయడాన్నే నిషేధించాలి.

ఇంకో బాధ నరాల సూది. కాళ్ళు తిమ్మిరి అంటే చాలు, ఊళ్ళో ఆర్‌ఎంపీలు ఎర్రటి బి12 ఇంజెక్షన్ పొడిచేస్తారు. బి12 తక్కువైనా నరాలు దెబ్బతింటాయి, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి అది తగ్గే అవకాశం ఉంది, నిజమే. అందుకే రక్తపరీక్ష చేయించాలి. చూడకుండా పొడిస్తే అసలు కారణం మరుగున పడిపోతుంది.

తిరుపతి పెద్దాసుపత్రిలో గాజు తీసి, పుండు కడిగి, తర్వాత అమ్మని కళ్ళు మూసుకోమన్నారు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో ఒక అమ్మాయి పాదం మీద ఒక్కో చోటా నొక్కుతోంది. అన్ని చోట్లా నొక్కేశాక అమ్మ అడిగింది: "ఇంకా మొదలుపెట్టలేదా పాపా?" నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. గుండె నుంచి వచ్చే నరాలకి కూడా ఇలాగే అయితే గుండెపోటు నొప్పి లేకుండానే వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళలో అది జరుగుతూనే ఉంటుంది.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళు ఉంటే ఈ రాత్రే ఇది చేసి చూడండి. కళ్ళు మూసుకోమని, రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు కొసల్ని మీ వేలితో ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకండి. నొక్కకండి, రుద్దకండి. ఆరింటిలో రెండు చోట్ల తెలియకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, మేజోళ్ళు విప్పించి మరీ చూపించండి.

ఇక నరాలు మళ్ళీ బాగవుతాయా అన్నారు. కాళ్ళూ చేతుల్లో తెగిన నరాన్ని సరిగ్గా కలిపితే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. వెన్నుపాములో తెగినవి అలా పెరగవు. బి12 లోపమైతే తొందరగా కనిపెడితే చాలావరకు కోలుకుంటారు. షుగర్ వల్ల ఏళ్ళ క్రితం పోయిన స్పర్శ తిరిగి రావడం చాలా కష్టం. షుగర్ అదుపులో ఉంచితే మిగిలింది నిలబడే అవకాశం ఉంటుంది. మా అమ్మకి పుండు మానింది, స్పర్శ రాలేదు. ఇప్పుడు ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకునే తిరుగుతుంది. రోజూ పడుకునే ముందు మా చిన్నోడు టార్చి వేసి అవ్వ పాదాలు చూస్తాడు. మిగిలిన మెట్లకి పసుపు కుంకుమ తమ్ముడు పెట్టొచ్చాడు.