7.2 జీబీ పెళ్లి డీవీడీని మామూలు 4.7 జీబీ డిస్క్‌లోకి ఎక్కించడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

కుదించడానికి డీవీడీ ష్రింక్ 3.2, రాయడానికి ఇమ్‌గ్‌బర్న్. రెండూ పాతవే, రెండూ ఉచితమే. ష్రింక్‌కి డబ్బులడిగే సైటు కనబడితే అది నకిలీ, మూసేయండి. హ్యాండ్‌బ్రేక్ వాడమని ప్రతిచోటా సలహా ఇస్తుంటారు. అది మంచి ప్రోగ్రామే గానీ ఇచ్చేది ఎంపీ4, ఎంకేవీ ఫైళ్లు. టీవీ కింద ఉన్న పాత ప్లేయర్‌కి కావాల్సింది ఎంపెగ్-2 వీడియో ఉన్న వీడియో_టీఎస్ ఫోల్డర్.

ఇక అసలు సంగతి. సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఆడియో చూడండి. డిస్క్‌ని ష్రింక్‌లో తెరిచాక కుడివైపు ఆడియో దగ్గర ఎల్‌పీసీఎం (కుదించని ఆడియో) అని ఉందా, ఏసీ-3 (కుదించిన డాల్బీ ఆడియో) అని ఉందా? ష్రింక్ వీడియోను మాత్రమే కుదిస్తుంది, ఆడియో జోలికి పోదు. ఎల్‌పీసీఎం స్టీరియో సెకనుకు 1536 కిలోబిట్లు తింటుంది. మూడు గంటల పెళ్లికి అదే 2 జీబీ దాటుతుంది. 4.7లో వీడియోకి మిగిలేది 2.6, ఉన్న వీడియో 5.1. అంటే సగానికి నొక్కాలి. అప్పుడు తలంబ్రాల సీను మొత్తం గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది, ఎగిరే ప్రతి గింజా ఎన్‌కోడర్‌కి కొత్త కదలికే కదా.

అదే ఆడియోని 192 కిలోబిట్ల ఏసీ-3గా మారిస్తే పావు జీబీకి వస్తుంది. వీడియో అసలు సైజులో 87 శాతం దగ్గర ఆగుతుంది, తేడా కంటికి ఆనదు. ఈ మార్పుకి డీవీడీస్టైలర్ చాలు. వాబ్ ఫైళ్లు (డీవీడీలో వీడియో ఉండే ఫైళ్లు) వరుసగా చేర్చి, వీడియోకి ‘కాపీ’, ఆడియోకి ‘ఏసీ-3, 48 కిలోహెర్ట్జ్’ పెట్టండి. డిస్క్ సైజు 8.5 జీబీ ఎంచుకుని, బర్న్ చేయకుండా ఫోల్డర్ మాత్రం తయారు చేయించండి. ఆ ఫోల్డర్‌ని ష్రింక్‌కి ఇవ్వండి. డీప్ అనాలిసిస్ టిక్ తప్పనిసరి, సమయం పట్టినా సరే. పెళ్లికి సాదా ఆల్బమ్ చాలనుకోకుండా పావుగంట గ్రాఫిక్స్ ముక్కలు జోడించే స్టూడియోల అలవాటు నాకు నచ్చదు. ష్రింక్‌లో రీ-ఆథర్ అనే చోట వాటిని తీసేస్తే ఇంకా చోటు మిగులుతుంది.

ఇమ్‌గ్‌బర్న్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదనపు ప్రోగ్రాములకి టిక్ ఉంటే తీసేయండి. 16ఎక్స్ వేగం డిస్క్‌ని 8ఎక్స్‌లో రాయండి, వెరిఫై టిక్ ఉంచండి. పాత ప్లేయర్లకి డీవీడీ-ఆర్ క్షేమం. రీరైటబుల్ డిస్కుల్ని కొన్ని పాత ప్లేయర్లు చదవవు, వాటి ఉపరితలం నుంచి వెలుతురు తక్కువగా తిరిగొస్తుంది.

రాశాక పైన వధూవరుల ఫొటో ఉన్న కాగితపు స్టిక్కర్ అంటించకండి. బరువు ఒకవైపు తూగి, ఎండకి కాగితం ముడుచుకుని, డిస్క్ అంచు దగ్గర చదువు ఆగిపోతుంది. డీవీడీ చదివేది లోపలి నుంచి బయటికి, కాబట్టి ముందు పోయేది అప్పగింతలే. సీడీ మార్కర్‌తో పేరు రాయండి, చాలు.